కాలువలో పడవ పందెం: వంతెన మీదికి జనం ఎక్కకుండా ఎలా చూడాలి? పక్క మండలాల వారిని ఎలా రప్పించాలి?

కాలువగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో, గోదావరి మధ్య డెల్టా కాలువ గట్టున ఉన్న చిన్న ఊరు. మూడేళ్లుగా మా యువజన సంఘం సంక్రాంతికి పడవ పందెం నడుపుతోంది. కేరళలో మాదిరి వంద అడుగుల పడవలు కావు. మా మత్స్యకారులు రోజూ వల వేయడానికి తీసుకెళ్లే నాటు పడవలే. పడవకు ఇద్దరు. ముందున్నవాడు తెడ్డు వేస్తాడు, వెనుకవాడు తెడ్డు వేస్తూనే దారి పట్టిస్తాడు. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్లన్నీ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కదులుతాయి కాబట్టి మేము ముక్కనుమ ఎంచుకున్నాం.

పోయిన ఏడాది జరిగింది చెబుతాను. ముగింపు గీతను మేమే తెలివితక్కువగా వంతెన కింద పెట్టాం. పైనుంచి బాగా కనబడుతుందని జనమంతా వంతెన ఎక్కేశారు. అది ఒక్క ఎడ్లబండి పట్టేంత వెడల్పున్న పాత వంతెన. మొదటి రెండు పడవలు వంతెన కిందికి దూరగానే, ఇటు పిట్టగోడ దగ్గర ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా అటు పిట్టగోడ వైపు పరుగెత్తారు. నేను కింద పడవలో ఈల పట్టుకుని ఉన్నాను. నెత్తి మీద ఆ కాళ్ల చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అదే సమయంలో మెట్ల రేవు దగ్గర తొమ్మిదేళ్ల పిల్లవాడు పాచి మీద కాలు జారి నీళ్లలో పడ్డాడు. వెనకబడిన పడవలోని తెడ్డువాడు పందెం వదిలేసి వాణ్ని పైకి లాగాడు. అందరం ఇళ్లకు క్షేమంగా చేరాం. ఆ రాత్రి నాకు మాత్రం నిద్ర పట్టలేదు. గట్టు మీద మొత్తం ఎంతమంది ఉన్నారని మర్నాడు పంచాయతీలో అడిగితే చెప్పలేకపోయాను.

ఊళ్లో పెద్దలు ఈ ఏడాది మానేయమంటున్నారు. నాకు మానాలని లేదు. ఏడాది పొడుగునా చీకటితో లేచి చేపలు తెచ్చే ఈ మనుషుల కోసం ఊరు చప్పట్లు కొట్టే రోజు అదొక్కటే. పైగా అమలాపురం నుంచి, రావులపాలెం నుంచి కూడా జనం రావాలని మా ఆశ. ఒకవైపు జనాన్ని అదుపు చేయాలి, మరోవైపు ఇంకా జనాన్ని పిలవాలి. ఈ రెండూ ఎలా పొసగుతాయో తెలిసినవారు చెప్పండి. చందాల డబ్బే మా బడ్జెట్టు. ఇనుప బారికేడ్లు అద్దెకు తెచ్చే శక్తి లేదు.

లాకుల తాత

బాబూ, నేను ముప్ఫై రెండేళ్లు కాలువల మీద పనిచేసి దిగాను. అందులో ఎక్కువ కాలం లాకుల దగ్గరే, అంటే పడవలు దాటడానికి కాలువకు అడ్డంగా కట్టిన తలుపుల దగ్గర. మీరు రాసింది చదివి నాకూ గుండె దడదడలాడింది. వంతెన గురించే ముందు చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని తరువాతే.

వంతెన మీద నిలబడిన బరువు ఒక ఎత్తు, కదిలే బరువు మరొక ఎత్తు. పాత పిట్టగోడలు మనుషులు వాలి కూర్చోవడానికి పనికొస్తాయి గానీ, వందమంది ఒక్కసారి తోస్తే ఆగవు. అక్కడ ఇద్దరు పోలీసులను పెట్టి జనాన్ని ఆపుదామనుకోకండి. ఆపలేరు. పందెం బాగా కనబడేది అక్కడే అయినంత కాలం జనం అక్కడికే వస్తారు. అందుకని అక్కడ చూడటానికి ఏమీ లేకుండా చేయండి. ముగింపు గీత వంతెనకు కనీసం రెండు వందల మీటర్ల దూరంలో ఉండాలి. ఒక్క పడవ కూడా ఆ రోజు వంతెన కింద నుంచి పోకూడదు. వీలైతే మీ కాలువకు ఎక్కడ చిన్న వంపు ఉందో చూసి, ఆ వంపు దాటాక పందెం పెట్టండి. వంతెన మీద నిలబడితే కొబ్బరి చెట్లు తప్ప ఏమీ కనబడకూడదు. అప్పుడు ఇద్దరు కుర్రవాళ్లు చాలు, నడిచిపోయేవాళ్లను పంపించడానికి.

రెండో మాట. పందెం నీటి వాలులో నడుపుతున్నారా, ఎదురా? మీరు చెప్పలేదు. ఎదురు నడపండి. గీత దాటాక తెడ్డు ఆపితే పడవ దానంతట అదే నిలుస్తుంది. వాలులో అయితే గెలిచినవాడు చేతులు ఎత్తి ఊపుతున్నంత సేపూ పడవ కిందికి పోతూనే ఉంటుంది, కింద లాకు ఉంటే దాని తలుపుల దగ్గరి లాగుడు ఎలాంటిదో నేను చూశాను, మీకు రాయలేను. ఎదురు పందెంలో ఎవరైనా నీళ్లలో పడితే, ప్రవాహం వాళ్లను బయలుదేరిన చోటుకే తెస్తుంది. మీ గజ ఈతగాళ్లను, తాళ్లను, గాలి నింపిన లారీ ట్యూబులను అక్కడే పెట్టుకోవచ్చు. ఇంకొకటి, కాలువ నడుమ నీరు జోరుగా, గట్ల వెంబడి మందంగా పారుతుంది. ఎదురు పందెంలో గట్టు వైపున్నవాడికి లాభం. అందుకని ఏ ఇద్దరి మధ్య పోటీ అయినా రెండుసార్లు, దారులు మార్చి నడిపి సమయాలు కలపండి. తగాదాలు సగం తగ్గుతాయి.

జనవరిలో దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీరు వదులుతారు. ఒక్కోసారి వంతులవారీగా ఇస్తారు. మీ పందెం రోజు మీ వంతు లేకపోతే నీరు ఒక అడుగు దిగిపోతుంది. పడవలు అడుగు తగలడం అటుంచండి, అప్పటిదాకా నానిన గట్టు లోపలి అంచు, నీరు తీయగానే జారుతుంది. ఆ అంచు మీద నిలబడినవాళ్లు దానితోపాటే జారతారు. నీటిపారుదల శాఖ సెక్షన్ ఆఫీసులో ముందే కనుక్కోండి, అనుమతి కాగితంతో పాటు ఆ రోజు నీటిమట్టం సంగతి కూడా అడగండి.

బారికేడ్లకు డబ్బు లేదన్నారు. సరుగుడు కర్రలు, కొబ్బరి తాడు చాలు. నీటి అంచు నుంచి రెండు మీటర్లు వదిలి, రెండు మీటర్లకొక కర్ర చొప్పున మోకాలి లోతు పాతి, నడుము ఎత్తున ఒక తాడు, మోకాలి ఎత్తున ఒక తాడు కట్టండి. కింది తాడు పిల్లల కోసం. దాన్ని మరవకండి. మెట్ల రేవులకు మాత్రం తాడు కాదు, అడ్డంగా తడికెలు కట్టి పూర్తిగా మూసేయండి.

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఈ కాలువల మీద సరుకు పడవలు నడిచాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలను లాగేవారు. పడవ పక్కన మనిషి నడవడానికే ఉన్న గట్టు అది. జాగ్రత్తగా వాడుకుంటే మీ పందేనికి అంతకన్నా మంచి చోటు లేదు. పెద్దలకు నా మాటగా చెప్పండి, మానవద్దని.

సాగర్ అలలు

నేను హైదరాబాదు నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి పదో ఏట నుంచి హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడుపుతున్నాడు. వాడిది ఆప్టిమిస్ట్, రెండు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల పొడవున్న పిల్లల పడవ. ఇప్పుడు పెద్దవాడై దాదాపు అంతకు రెట్టింపు పొడవున్న దానిలోకి మారబోతున్నాడు. నేను ఆరేళ్లుగా పోటీల రోజున ఒడ్డు మీద పనిచేస్తున్నాను. తాతగారు నీటి సంగతి చెప్పారు, నేను జనం సంగతి చెబుతాను.

మా కష్టం మీ కష్టానికి తలకిందులుగా ఉంటుంది. ట్యాంక్ బండ్ మీద ఎప్పుడూ జనమే. కానీ వాళ్లు రెండు నిమిషాలు నిలబడి, ఫోనులో ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఎందుకంటే ఎవరు ముందున్నారో వాళ్లకు అర్థం కాదు. తెరచాప పడవ గాలికి ఎదురుగా నేరుగా పోలేదు. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు ఏటవాలుగా పోతూ మెట్లెక్కినట్టు ముందుకెళ్తుంది. ఒడ్డు నుంచి చూస్తే ఒకడు బేగంపేట వైపు పోతున్నాడు, ఇంకొకడు బుద్ధ విగ్రహం వైపు పోతున్నాడు. గెలుస్తున్నది ఎవరు? పిల్లవాడి కన్నతల్లినైన నాకే మొదటి ఏడాది తెలియలేదు.

అప్పుడు నేనొక పని మొదలుపెట్టాను. ఒక తెల్ల బోర్డు, మూడు రంగుల పెన్నులు తెచ్చి ఒడ్డున పెట్టాను. గాలి ఎటు నుంచి వస్తోందో ఒక బాణం, బోయలు (పడవలు చుట్టి తిరగాల్సిన, నీటిపై తేలే గుర్తులు) ఎక్కడున్నాయో మూడు చుక్కలు, ఒక్కో బోయ దగ్గర ముందు ఎవరు తిరిగారో వారి తెరచాప అంకె. అంతే. ఆ బోర్డు ముందు నిలబడినవాళ్లు వెళ్లలేదు. ఐస్‌క్రీం బండివాడు కూడా వచ్చి ఇరవై ఏడో నంబరు పిల్ల ఎక్కడుందని అడిగాడు. నాకు ఆ రోజు కలిగిన సంతోషం చెప్పలేను. మనుషులు పడవను చూడటానికి రారు. పడవలో ఉన్న మనిషి ఏమవుతాడో చూడటానికి వస్తారు.

మీ ప్రచారం అక్కడ మొదలుపెట్టండి. పందేనికి వారం ముందు నుంచి రోజుకొక జంటను పరిచయం చేస్తూ నిమిషం లోపు వీడియో వాట్సాప్‌లో పెట్టండి. వాళ్ల అనుమతి తీసుకోండి. పడవ ఎవరు కట్టారు, దానికి తారు ఎప్పుడు పూశారు, తండ్రి నుంచి వచ్చిన తెడ్డా, కొత్తదా, ఇవి చాలు. పడవ ముక్కు మీద అంకె బదులు ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాయండి. పక్క ఊరి పేరున్న పడవ ఒక్కటి ఉన్నా, ఆ ఊరు మొత్తం కదిలి వస్తుంది. ఆడవాళ్ల జంటలకు ఒక పోటీ పెట్టండి. వాళ్లు వస్తే కుటుంబాలు వస్తాయి, కుటుంబాలు వచ్చిన చోట తోపులాట తక్కువ.

ఇక పోస్టరు. దయచేసి పైన సగం మాత్రమే ఫోటోలకు ఇవ్వండి. నాయకుల బొమ్మలతో నిండిన పోస్టరు వల్ల ఒక్క మనిషి కూడా సరైన చోట నిలబడలేదు. కింది సగంలో పటం గీయించండి. బండి ఎక్కడ ఆపాలి, ఏ గట్టు మీద నిలబడాలి, ఏ దారిన వచ్చి ఏ దారిన పోవాలి, మంచినీళ్లెక్కడ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడ, ఎన్ని గంటలకు గట్టు మూసేస్తారు. ఆటోలో మైకు పెట్టి తిరిగే కుర్రవాడికి కూడా ఇవే నాలుగు మాటలు రాసివ్వండి. మీరు రెండు ప్రశ్నలనుకున్నారు. జనాన్ని పిలిచేటప్పుడే వాళ్ల చోటు చెప్పేస్తే, పందెం నాడు గొంతు చించుకోవలసిన పని చాలావరకు తప్పుతుంది.

ఎంతమందిని పిలవాలో లెక్క కూడా అక్కడే తేలుతుంది. టేపు పట్టుకుని గట్టు కొలవండి. భుజానికి భుజం కాకుండా హాయిగా నిలబడాలంటే మనిషికి అరవై సెంటీమీటర్లు. తాడు వెనుక రెండే వరుసలు. వాటి వెనుక మంచం మీద మనిషిని మోసుకుపోగలిగేంత ఖాళీ దారి, చివరి నుంచి చివరిదాకా. మూడు వందల మీటర్ల గట్టయితే వరుసకు ఐదు వందలమంది, రెండు వరుసలకు వెయ్యి. అది దాటాక వచ్చేవాళ్లను ఎక్కడికి పంపాలో కూడా ముందే అనుకోవాలి. బడి ఆవరణలో తెర కట్టి ఫోను నుంచి ప్రత్యక్షంగా చూపించండి, తినుబండారాల బండ్లన్నీ అక్కడే పెట్టించండి. పూతరేకులు అక్కడ, నీడ అక్కడ, కుర్చీలు అక్కడ ఉంటే ముసలివాళ్లూ చంటిపిల్లల తల్లులూ గట్టుకు రావాలని పట్టుబట్టరు.

2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. గోదావరి జిల్లాల వారికి నేను గుర్తు చేయనక్కరలేదు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఒకే చోట ఎదురుపడకుండా చూడటం ఒక్కటి మాత్రం దేనికోసమూ వదలకండి.

చివరగా జెండా సంగతి. మా పోటీల్లో బయలుదేరడానికి ఐదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాలప్పుడు ఇంకొకటి, ఒక నిమిషం ఉండగా ఒకటి దింపడం, సున్నాకు మొదటిది దింపడం, ప్రతిసారీ ఒక శబ్దం. ఏదైనా తేడా వస్తే ఎరుపు తెలుపు చారల జెండా ఎక్కుతుంది. అంటే పోటీ వాయిదా, అందరూ ఆగాలి. మీరు అన్ని జెండాలు పెట్టుకోనక్కరలేదు. కానీ ఆపే జెండా ఒకటి, దాన్ని ఎత్తే అధికారం ఒకే మనిషికి ఉండాలి. ఆ మనిషి నీళ్ల మీద కాదు, గట్టు మీద, జనం వైపు ముఖం పెట్టి నిలబడాలి. పోయిన ఏడాది మీ చేతిలో ఈల ఉంది, మీ కళ్లు పడవల మీద ఉన్నాయి. అందుకే పిల్లవాడు పడింది మీకు తెలియలేదు. తప్పు పట్టడం లేదు, మా ఒడ్డున నేనూ ఒకసారి అదే చేశాను.

పున్నమడ పక్కన

ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్లుగా అలప్పుళలో ఉంటున్నాను, సొంతూరు తణుకు. ఇక్కడి నెహ్రూ ట్రోఫీ పడవ పందేలకు నేను టికెట్ కొనుక్కుని వెళ్లేవాణ్నే గానీ నిర్వాహకుణ్ని కాదు. చూసినవాడిగా రెండు మాటలు.

1952లో నెహ్రూ వచ్చినప్పుడు మొదలైన పందెం అది. ఇప్పటికీ అందరికీ కావలసింది ముగింపు గీత దగ్గరి చోటే. అందుకే అక్కడ గ్యాలరీలు కట్టి, టికెట్లు పెట్టి, మెడలో పాసు లేనివాణ్ని రానివ్వరు. మీరు డబ్బు తీసుకోవాలని నేననను. కానీ ముగింపు దగ్గరి యాభై మీటర్ల గట్టుకు రంగు కాగితంతో పాసులు చేసి, తెడ్డువాళ్ల ఇళ్లవారికి ఇవ్వండి. అప్పుడు ఆ చోటు కోసం తోసుకోవడం ఉండదు. ఏడాది పొడుగునా వాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లు కదా, ఆ చోటు వాళ్లదే.

ఇంకొకటి. 2024లో ఇక్కడ గెలుపు ఓటముల మధ్య తేడా సెకనులో వెయ్యో వంతులు ఐదు. కారిచాల్ చుండన్ (పాము పడవ) 4 నిమిషాల 29.785 సెకన్లు, వీయపురం 4 నిమిషాల 29.790. ఎంత గొడవ జరిగిందో ఊహించండి. మీ ఇద్దరు మనుషుల పడవల మధ్య కూడా అంత దగ్గర పోటీ వస్తుంది. గీతకు సరిగ్గా ఎదురుగా ఒక ఫోను కదలకుండా కర్రకు కట్టి, మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయండి. గొడవ వస్తే జనం తాళ్లు దాటి నీటి దగ్గరికి దూసుకొచ్చేది ఆ నిమిషంలోనే. వీడియో చూసి చెబుతామని మైకులో అనగలిగితే వాళ్లు ఆగుతారు.

మైకు దగ్గర కూర్చునేవాడు తెడ్డువాళ్లను పేరుపేరునా ఎరిగినవాడై ఉండాలి. ఇక్కడ వ్యాఖ్యాత గొంతు వినడానికే రేడియో పెట్టుకునే ముసలివాళ్లున్నారు.

కాలువగట్టు

మీ ముగ్గురికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న సాయంత్రం మేము నలుగురం టేపు తీసుకుని వెళ్లాం. వంతెనకు ఎగువన, తాతగారు చెప్పినట్టే, చిన్న వంపు ఉంది. అది దాటాక తూర్పు గట్టు 340 మీటర్లు తిన్నగా ఉంది. రెండు రేవులు మూసేస్తే 300. పొద్దున పూట ఎండ వీపు మీద పడుతుంది, కళ్లలో కొట్టదు. కాబట్టి తూర్పు గట్టు జనానికి. పడమటి గట్టు ఖాళీగా ఉంచి, దాని మీద అంబులెన్సు, పోలీసులు, తెడ్డువాళ్లు. మంచు విడిచే దాకా ఎదుటి గట్టే కనబడదు కాబట్టి పది గంటలకు మొదలు. మధ్యాహ్నం ఒంటిగంటకు ముగిస్తే హైదరాబాదు తిరిగి వెళ్లేవాళ్లకు బస్సులు అందుతాయి.

వెయ్యి మంది అనే లెక్క చూసి మొదట మనసు చిన్నబోయింది. ఐదు వేలమందిని ఊహించుకున్నాం. కానీ అమ్మ ఒక మాటంది, పోయిన ఏడాది వచ్చినవాళ్లలో సగం మందికి తలలు తప్ప పడవలు కనబడలేదని. వెయ్యి మందికి పూర్తిగా కనబడాలి, మిగతావారికి బడి ఆవరణలో తెర. అలాగే నిర్ణయించాం. ఆపే జెండా మా ఊరి బడి పంతులమ్మ చేతికిస్తున్నాం. ఆవిడ చెయ్యెత్తితే ఊరంతా నిలబడుతుంది.

పెద్దలు సగం ఒప్పుకున్నారు. పడమటి గట్టు మీద ఒక చోట ఎలుక బొరియలు కనబడ్డాయి, అంబులెన్సు బరువుకు కుంగుతుందేమోనని ఒకరి అనుమానం. తాతగారూ, దానికేం చేయాలి?

లాకుల తాత

బొరియలున్న చోట అంబులెన్సును పోనివ్వకండి, ఇసుక బస్తాలు వేసి నమ్మకం పెట్టుకోకండి. గట్టు మొదట్లో, రోడ్డు కలిసే చోటే దాన్ని నిలిపి, అక్కడి నుంచి మడత మంచం పట్టుకుని నలుగురు సిద్ధంగా ఉండాలి. ముందు రోజే ఒకసారి ఆ నలుగురినీ మంచంతో నడిపించి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. బొరియల సంగతి మాత్రం రేపే సెక్షన్ ఆఫీసులో కాగితం మీద రాసివ్వండి, అది పందెం ఉన్నా లేకపోయినా పూడ్చవలసిందే. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఎలుకవో ఎండ్రకాయవో చూసి చెబుతాను. ముక్కనుమ నాటికి నేనూ వస్తాను, తూర్పు గట్టు మీద ఒక కర్ర పక్కన నన్ను నిలబెట్టండి.